విశాఖ ఒడ్డున గాలం వేయించే సేవ: మా రెండు ఉదయాల అనుభవం

విశాఖపట్నంలో పాతికేళ్లుగా ఉంటున్నప్పటికీ, ఒడ్డున నిలబడి సముద్రంలోకి గాలం విసరడం నాకు ఈ ఏడాదే అలవాటయింది. పెద జాలారిపేటకు దగ్గరలో ఇద్దరు అన్నదమ్ములు తమ పెదనాన్నతో కలిసి నడుపుతున్న ఒక చిన్న సేవ అందుకు కారణం. రాడ్లు, రీళ్లు అద్దెకు ఇచ్చి, ఎర సమకూర్చి, నాలుగు గంటలపాటు మన పక్కనే నిలబడి నేర్పుతారు. పెద్దలకు రూ.1,200, పన్నెండేళ్ల లోపు పిల్లలకు రూ.600 తీసుకుంటారు. జనవరిలో సంక్రాంతి దాటాక ఒకసారి, ఫిబ్రవరిలో మరొకసారి పదేళ్ల మా అబ్బాయిని, హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. తమ పేర్లు రాయవద్దని ఆ అన్నదమ్ములే కోరినందువల్ల రాయడం లేదు. వారికి బోర్డు కూడా లేదు, పేటలో గాలాల వాళ్లెక్కడని అడిగితే దారి చూపిస్తారు.

వారి గురించి చెప్పే ముందు, గత ఏడాది మాకు ఎదురైన ఒక చేదు అనుభవం చెప్పాలి. అప్పుడు మా బావమరిది తన స్నేహితులు ముగ్గురితో వచ్చినప్పుడు, బీచ్ రోడ్డులో పరిచయమైన ఒక మధ్యవర్తి, సముద్రంలో గాలం వేయాలంటే పర్మిట్ తప్పనిసరి అని చెప్పి, మనిషికి రూ.500 చొప్పున వసూలు చేసి నాలుగు చీటీలు చేతిలో పెట్టాడు. ఆ చీటీ మీద ఒక రబ్బరు ముద్ర తప్ప ఏ శాఖ పేరుగానీ, ఏ చట్టం ప్రస్తావనగానీ లేవు. పైగా అతడు చూపించిన చోటు ఒక నిషేధిత ప్రాంగణపు గోడకు మరీ దగ్గరగా ఉండటంతో, గంట తిరగకముందే గస్తీ సిబ్బంది వచ్చి, చీటీ వైపు చూడకుండానే, ఇక్కడ నిలబడకూడదని మర్యాదగా చెప్పి పంపించారు. డబ్బు పోయినందుకు కాదుగానీ, ఊరికి వచ్చిన అతిథిని నా ఊరివాడే మోసం చేసినందుకు నేను చాలా బాధపడ్డాను. అందువల్ల ఈసారి సేవను మాట్లాడుకునేటప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న లైసెన్సు గురించే.

పెదనాన్నగారు ఇచ్చిన జవాబు ఇది: "లైసెన్సు పడవకి బాబూ, మనిషికి కాదు. ఒడ్డు మీద నిలబడి గాలం ఏసీవోడికి కాగితం ఎవులైనా అమ్మితే కొనకండి." తరువాత ఆయన తమ్ముడి కొడుకుల్లో పెద్దవాడు అదే విషయాన్ని వివరంగా, చట్టం పేరుతో సహా చెప్పాడు. మన రాష్ట్రంలో తీర జలాలలో చేపల వేటను నియంత్రించేది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం. రిజిస్ట్రేషను, లైసెన్సు అనేవి ఆ చట్టం కింద వేటకు వెళ్లే పడవకు సంబంధించినవి. ఒడ్డున నిలబడి రాడ్డుతోనో చేతి దారంతోనో సరదాకు నాలుగు చేపలు పట్టుకునే మనిషికి విడిగా లైసెన్సు అంటూ ఏదీ లేదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీటిని తెప్పలకు, చిన్న పడవలకు విడిచిపెట్టి, పెద్ద యంత్రపు పడవలు ఆ గీత దాటి లోపలికి రాకూడదని నియమం పెట్టారు. కనుక మనం ఒడ్డు నుంచి గాలం విసిరే నీరు, ఆ పేటలవారి బతుకు నడిచే నీరే. కాగితం అక్కరలేదంటే అడగకుండా ఎక్కడ పడితే అక్కడ నిలబడవచ్చని అర్థం కాదని అతడు అంటుంటే, ఆ మాటలో నాకు ఎంతో న్యాయం కనిపించింది.

వేట నిషేధం గురించి కూడా సందర్శకులలో చాలా గందరగోళం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని యంత్రపు పడవలకు, ఇంజను బిగించిన పడవలకు వేటను ఆపుతారు. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు ఆ నిషేధం వర్తించదు, ఒడ్డు మీది గాలానికీ వర్తించదు. కానీ ఆ రెండు నెలల్లో ఎవరైనా మోటారు పడవ మీద లోపలికి తీసుకువెళ్లి చేపలు పట్టిస్తామంటే అది నియమాన్ని మీరడమే. ఈ అన్నదమ్ములు ఆ రోజుల్లో ఒడ్డు పాఠాలు మాత్రమే నడుపుతారు, అదీ కడుపుతో ఉన్న చేప పడితే తిరిగి నీటిలో వదిలేయాలన్న షరతు మీద. ఆ షరతు చట్టం పెట్టింది కాదు, వారు తమంతట తాము పెట్టుకున్నది.

వారి దగ్గర నన్ను బాగా ఆకట్టుకున్న వస్తువు ఒక బొమ్మల అట్ట. నీటికి తడవకుండా ప్లాస్టిక్ పొర వేయించిన ఆ అట్ట మీద, పట్టకూడని ప్రాణుల బొమ్మలు ఉన్నాయి: తిమింగల సొర, రంపపు ముక్కు చేప, గిటారు ఆకారంలో ఉండే పెద్ద చేప, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు, తాబేళ్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో సొరలు, బల్లపరుపుగా ఉండే టేకు చేపల జాతుల్లో కొన్నింటిని రక్షిత జాబితాలో చేర్చారు. పొరపాటున గాలానికి తగిలినా వీటిని ఇంటికి తీసుకువెళ్లడం నేరమే. ఒడ్డున దొరికే పిల్ల చేపను చూసి అది ఏ జాతిదో తేల్చుకోవడం మనలాంటివారికి సాధ్యం కాదు కాబట్టి, అట్ట మీది బొమ్మను ఏమాత్రం పోలి ఉన్నా గాలం దగ్గర దారం కోసి వదిలేయమని చెబుతారు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టడానికి మన తీరానికే వస్తాయి. అందుకే ఆ నెలల్లో చీకటిలో ఒడ్డు మీద టార్చిలైట్లు వేసి తిరగవద్దని, తప్పనిసరైతే ఎర్ర వెలుగునిచ్చే దీపాన్ని కిందికి వంచి వాడమని చెప్పారు. మేము తెల్లవారుజామున 5.30కి చేరుకున్నప్పుడు, పెదనాన్నగారు నా చేతిలోని ఫోను లైటును తన అరచేతితో మూసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా మమ్మల్ని అక్కడే నిలబెట్టారు.

చోటు విషయంలో వారి లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. ఇది తూర్పు నావికా దళానికి కేంద్రమైన ఊరు, పెద్ద ఓడరేవు ఉన్న ఊరు. పోర్టు బయటి గోడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టుపక్కల రక్షణ శాఖ ప్రాంతాలు, ఫిషింగ్ హార్బరులో పడవలు వచ్చిపోయే దారి, ఇవన్నీ గాలానికి పనికిరావని మొదటి మాటగానే చెబుతారు. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రమైన సురక్షితమైన బీచులకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అక్కడ స్నానాలకు గుర్తులు పెట్టిన భాగంలో గాలం విసరడం పక్కవారి కంటికే ప్రమాదం. మంచినీటి జలాశయమైన మేఘాద్రిగెడ్డ సంగతి వేరు, కంబాలకొండ అభయారణ్యం సంగతి వేరు. సముద్రపు ఒడ్డుకు లైసెన్సు లేదు కదా అని మంచినీటి చెరువుల దగ్గరకు, అడవిలోకి అదే ధీమాతో వెళ్లకూడదు. చెరువులపై హక్కు తరచుగా మత్స్యకారుల సంఘానికో, పాటదారుకో ఉంటుంది, వారిని అడిగి తీరాలి. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, మంగమారిపేట రాళ్ల పక్క ఇసుక, జోడుగుళ్లపాలెం ఒడ్డు గురించి వారు చెప్పారుగానీ, కొత్తవారిని మాత్రం రాళ్ల మీదికి తీసుకువెళ్లరు. పాటు వేళ నీరు దిగిన రాళ్ల మీద పచ్చని పాచి ఉంటుంది, చూడటానికి ఆరినట్లే కనిపించినా కాలు పెడితే జారిపోతుంది. మాకు చదునైన ఇసుక ఒడ్డునే ఎంచారు. అక్కడ కూడా కాస్త అవతల అలివి వల లాగుతున్న బృందాన్ని చూసి, ముందు వారి దగ్గరకు వెళ్లి పలకరించి, వల ఒడ్డుకు చేరేదాకా మా రాడ్లను ఇసుకలో గుచ్చి ఉంచారు. ఇరవై మంది కలిసి తాడు లాగుతున్న చోట మన సీసపు గుండు వెళ్లి వలలో చిక్కుకుంటే వారి ఉదయమంతా పాడవుతుంది.

ఇక అసలు నేర్పు అలలను చదవడంలో ఉంది. మొదటి ఇరవై నిమిషాలు వారు రాడ్డు చేతికివ్వలేదు. కూర్చోబెట్టి, అల ఎక్కడ విరుగుతోంది, విరిగిన నురుగు ఎక్కడ చల్లారుతోంది, మళ్లీ ఎక్కడ లేస్తోంది చూడమన్నారు. ఇసుక దిబ్బ ఉన్న చోట అల విరుగుతుంది. ఆ దిబ్బకు ఇవతల, ఒడ్డుకు సమాంతరంగా, నీరు కొంచెం ముదురు రంగులో కనబడే గుంట ఉంటుంది. అలలు కదిలించిన ఇసుకలోంచి బయటపడే చిన్న పీతలను, పురుగులను తినడానికి చేపలు ఆ గుంటలోకే వస్తాయి. అందుచేత బలమంతా ఉపయోగించి వంద మీటర్లు విసరవలసిన పని లేదు, ముప్పై నలభై మీటర్లలోనే పని జరుగుతుంది. మా బావమరిది మొదట ఒప్పుకోక చాలా దూరం విసిరాడు. అతడి ఎర రెండుసార్లు దిబ్బ అవతల పడి, అలతోపాటు దొర్లుకుంటూ ఖాళీగా తిరిగి వచ్చింది. అదే పొడవునా అలలు విరగకుండా, నున్నగా, ముదురు రంగులో, సముద్రం వైపు సాగిపోయే పాయ ఒకటి కనిపిస్తే అది లోపలికి లాగే నీరు. తెలియనివారికి అదే అన్నింటికన్నా నెమ్మదైన చోటుగా తోస్తుంది, మన బీచుల్లో ఏటా ప్రాణాలు తీస్తున్నది కూడా అదే. అందులో కాలు పెట్టవద్దని, పెట్టి కొట్టుకుపోతే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని మా అబ్బాయి చేత మూడుసార్లు చెప్పించారు.

పోటు, పాటు లెక్క వారికి క్యాలెండరులోనే ఉంటుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, అవి రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటిమట్టపు తేడా ఒకటిన్నర మీటరు వరకు ఉంటుంది, అష్టమి ప్రాంతంలో బాగా తగ్గిపోతుంది. పోటు ఎక్కుతున్న చివరి రెండు గంటలు, తెల్లవారే వేళతో కలిసివస్తే అంతకన్నా మంచి సమయం లేదన్నారు. జనవరిలో మేము వెళ్లింది పౌర్ణమి మరుసటి రోజు, రెండోసారి అష్టమినాడు. రెండింటికీ తేడా మా సంచిలోనే తెలిసింది. బయలుదేరే ముందు రోజు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సూచనను, విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనను చూస్తారు. ఎక్కడో దూరాన లేచిన ఉప్పెన అలలు, ఇక్కడ గాలి లేని రోజున కూడా ఒడ్డును ముంచెత్తగలవని హెచ్చరిక వస్తే ఆ రోజు పాఠం రద్దు చేసి, డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తారు. మాకు ముందు అనుకున్న తేదీ ఒకటి అలాగే రద్దయింది, డబ్బు ఆ సాయంత్రానికే తిరిగి వచ్చింది.

సామగ్రి గురించి: రాడ్లు 10 నుంచి 12 అడుగుల పొడవువి, రీళ్లు మధ్యస్థ పరిమాణంలోని స్పిన్నింగ్ రకం, దారం 0.35 మిల్లీమీటర్ల నైలాన్, సీసం 60 నుంచి 90 గ్రాములు. ఎరగా పచ్చి రొయ్య, కవళ్లు అనే చిన్న చేపల ముక్కలు, స్క్విడ్ పట్టీలు ఇస్తారు. రొయ్యను గుచ్చే పద్ధతి దగ్గరగా చూపించారు. తల తీసేసి, తోక చివరి రెక్కను గిల్లేసి, గాలం ముల్లును తోక వైపు నుంచి పొట్ట వంపు వెంట నడిపి, ముల్లు మొన కొద్దిగా బయటికి కనిపించేలా నిలిపి, పైన సన్నని సాగే దారంతో నాలుగు చుట్లు చుడతారు. ఆ చుట్లు లేకపోతే విసిరిన ఊపులోనే రొయ్య గాలిలో ఊడిపోతుంది. ముడి వేశాక బిగించే ముందు దాన్ని నోటితో తడపాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడి పెద్ద చేప తగిలినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. మా అబ్బాయి ఈ ఒక్క విషయాన్ని ఎంతో శ్రద్ధగా పట్టుకుని, ఇంటికి వచ్చాక మంచం కోడుకు ముడులు వేస్తూ కూర్చున్నాడు.

మొదటి ఉదయం మాకు రెండు గొరకలు, అరచేయంత పార చేప ఒకటి, ఒక జెల్ల దొరికాయి. పార పిల్ల చేప అని పెదనాన్నగారు మా అబ్బాయి చేతనే నీటిలో వదిలించారు. వదిలే ముందు చేతులు తడుపుకోమని చెప్పారు, పొడి చేతితో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి, వదిలినా బతకదట. జెల్లను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాని వీపు మీద ఒకటి, రెండు పక్క రెక్కల దగ్గర చెరొకటి గట్టి ముళ్లు ఉంటాయి, గుచ్చుకుంటే విషం ఎక్కి చెయ్యంతా సలుపుతుంది. ఆయన మడమతో దాన్ని ఇసుకకు అదిమి, పొడవాటి ముక్కు పటకారుతో గాలం తీశారు. ముల్లు గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడి నీటిలో, చర్మం కాలకుండా చూసుకుంటూ, అరగంటకు తక్కువ కాకుండా చెయ్యి ఉంచి, ఆపైన ఆసుపత్రికి వెళ్లాలి. దీనికోసమే వారు ఫ్లాస్కులో వేడి నీరు తీసుకువస్తారు. నేను మొదట అది టీ అనుకున్నాను. టేకు చేప తోక ముల్లుకూ ఇదే చికిత్స. ఒళ్లు బంతిలా ఉబ్బించే చేప పడితే పిల్లికి కూడా పెట్టకూడదు, దాని విషం ఎంత ఉడికించినా పోదు.

లోపాలు లేకపోలేదు. రెండోసారి మాకు ఇచ్చిన మూడు రీళ్లలో ఒకదానిలో ఇసుక చేరి, తిప్పుతుంటే కరకరమంటూ పట్టేసింది. ప్రతి వాడకం తరువాత మంచినీటితో కడగకపోతే ఉప్పు లోహాన్ని తినేస్తుందని పాఠం చెప్పేవారి దగ్గరే అలాంటి రీలు ఉండకూడదు. అదే రోజు వారు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆఫీసు పనికైతే ఫరవాలేదు, పోటుకు మాత్రం ఆ నలభై నిమిషాలే అసలు సమయం. కారణం చెప్పి, క్షమాపణ అడిగి, చివర్లో అదనంగా కూర్చున్నారుగానీ అప్పటికి నీరు నిలిచిపోయింది. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు లేవు, పెద్దల జాకెట్టును తాడుతో బిగించి మా అబ్బాయికి తొడిగారు. మోకాలు దాటి నీటిలో దిగనివ్వరు కాబట్టి ఇది చాలునని వారి అభిప్రాయం. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదని వారికే చెప్పాను. సమీపంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి సౌకర్యం లేదు, కుటుంబంతో వెళ్లేవారు దీన్ని ముందే ఆలోచించుకోవాలి.

పడవ మీద లోపలికి తీసుకువెళ్లే సేవ కావాలని మా బావమరిది అడిగాడు. వారు కుదరదన్నారు. చేపల వేటకు లైసెన్సు ఉన్న పడవ, ప్రయాణికులను ఎక్కించుకోవడానికి అనుమతి ఉన్న పడవ ఒకటి కావని, వేట పడవ మీద సందర్శకులను ఎక్కించి ఏదైనా జరిగితే బాధ్యత తీసుకునేవారు ఉండరని చెప్పారు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన నాటి నుంచి ఈ విషయంలో నాకు కూడా భయం ఉంది. డబ్బు వచ్చే పనిని కాదన్నందుకు నేను ఈ సేవకు మరో మార్కు ఎక్కువ వేస్తాను. ఎవరైనా పడవ చూపిస్తే రిజిస్ట్రేషను నంబరు, ప్రయాణికుల అనుమతి, మనిషికొక జాకెట్టు, ఈ మూడూ అడిగి చూడవలసిందే. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డుకు 1554, ఒడ్డు మీద అయితే 112 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఈ రెండు నంబర్లనూ వారు రాడ్డు పిడికి అంటించి ఉంచారు.

తెగిపోయిన నైలాన్ దారాన్ని ఒడ్డున వదలరు. వదిలితే అది తాబేలు మెడకో పక్షి కాలికో చుట్టుకుంటుంది. పెదనాన్నగారు దారపు ముక్కలన్నీ ఏరి, ఒక పాత కొబ్బరి నూనె డబ్బాలో వేసి, మూత బిగించి ఇంటికి తీసుకువెళ్తారు. రెండో ఉదయం చివర ఆ డబ్బాను మా అబ్బాయికి అప్పగించి, ఒడ్డు వెంబడి ఆ చివర దాకా నడిచి ఏరుకురమ్మన్నారు. వాడు తెచ్చిన చుట్టల్లో మాది కానిదే ఎక్కువ.

ఆలస్యానికి, ఆ రీలుకు మార్కులు తగ్గించి ఐదుకు నాలుగు ఇస్తున్నాను. మార్చి పౌర్ణమికి మరుసటి ఉదయం మళ్లీ మాట్లాడుకున్నాం. మా అబ్బాయికి సరిపోయే జాకెట్టు మాత్రం ఈసారి నేనే కొని తీసుకువెళ్తున్నాను.